యుకులేలేలో బి ఫ్లాట్, బి మైనర్, ఈ మేజర్ లాంటి కష్టమైన కార్డ్స్ ఎలా పట్టాలి?

సి, ఏ మైనర్, ఎఫ్, జి ఈ నాలుగు కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా పట్టే పట్లు) వచ్చేస్తే, గిటార్‌లాంటి నాలుగు తీగల చిన్న వాయిద్యం యుకులేలే మీద బోలెడు పాటలు వాయించెయ్యొచ్చు, తర్వాత ఏదో ఒక పాటలో బి ఫ్లాట్ వస్తుంది, అక్కడ చెయ్యి ఆగిపోతుంది. చాలామంది ఇక్కడే నా వేళ్లు పొట్టి, నా చేతికి బలం లేదు అనుకుని వాయిద్యాన్ని మూల పెట్టేస్తారు, అది చూస్తే నిజంగా బాధేస్తుంది. ఎందుకంటే నైలాన్ తీగలకి గిటార్ స్టీల్ తీగలంత బలం అక్కర్లేదు, వేలు సరిగ్గా ఎక్కడ ఆనాలి, ఏ తీగని మాత్రమే నొక్కాలి అన్నది తెలిస్తే సగం కష్టం పోతుంది.

కింద కార్డ్ పక్కన నాలుగు అంకెలు రాస్తున్నా. జి-సి-ఈ-ఏ (G-C-E-A, తీగల పేర్లు ఇవే) ట్యూనింగ్‌లో, వాయించేటప్పుడు మీ గడ్డం వైపు ఉండే జి తీగ నుంచి మొదలుపెట్టి ఎన్నో ఫ్రెట్ (నెక్ మీద రెండు అడ్డ కమ్మీల మధ్య గడి) నొక్కాలో ఆ నంబర్, 0 అంటే ఓపెన్, ఏమీ నొక్కకుండా. సి మేజర్ 0003 అన్నమాట.

ముందు వాయిద్యాన్ని చూసుకోండి

ట్యూన్ చేసి 3211 పట్టండి, అది బి ఫ్లాట్. తర్వాత అదే ఆకారాన్ని ఒక ఫ్రెట్ జరిపి 4322 పట్టండి, అది బి. రెండోది కాస్త తేలిగ్గా మోగి, మొదటిది ఎంత నొక్కినా మోగట్లేదంటే తప్పు మీ వేలిది కాకపోవచ్చు, తల దగ్గర తీగలు ఆనే పట్టీ, అదే నట్, ఎత్తుగా ఉందేమో చూడాలి. ఒక్కో తీగని 2, 3 ఫ్రెట్ల మధ్య నొక్కి పట్టుకుని మొదటి ఫ్రెట్ కమ్మీకి తీగకి మధ్య సందు చూడండి. పల్చటి కాగితం దూరేంత ఉంటే చాలు, బాగా ఎక్కువుంటే రిపేర్ చేసేవాళ్లతో నట్ గాడులు కొంచెం లోతు చేయించండి. మీరే ఆకురాయి పెట్టి రుద్దొద్దు, ఎక్కువ అరిగితే ఓపెన్ తీగ బజ్ అంటుంది.

బారే: ఒక్క వేలితో మొదలు

చూపుడువేలు ఒక్కటే 2వ ఫ్రెట్ మీద అడ్డంగా పెట్టండి (ఇలా ఒకే వేలితో చాలా తీగలు నొక్కడమే బారే), 2222, ఇది బి మైనర్ సెవెన్. వేలు కమ్మీకి ఆనుకుని వెనకే ఉండాలి, మధ్యలో పెడితే రెట్టింపు నొక్కాల్సి వస్తుంది. వేలి మెత్తటి భాగం కాకుండా, బొటనవేలి వైపున్న గట్టి అంచు మీదకి కొంచెం దొర్లించండి. బొటనవేలు నెక్ వెనక, చూపుడువేలికి దాదాపు ఎదురుగా.

ఇప్పుడు ఊరికే తాకి మీటండి, టప్ టప్ మంటుంది. అలా మీటుతూనే మెల్లగా బరువు పెంచండి, ఎక్కడ శబ్దం క్లియర్ అవుతుందో అక్కడ ఆగిపోండి, మీకు కావాల్సింది అంతే, అంతకుమించి నొక్కేదంతా మణికట్టుకి నొప్పి. ఒక తీగ మాత్రం మూగగా ఉంటే అది వేలి కణుపు మడతలో పడిందని అర్థం, గట్టిగా నొక్కకుండా వేలిని కొంచెం పైకో కిందకో జరపండి చాలు.

ఇది మోగాక ఉంగరపు వేలు జి తీగ 4వ ఫ్రెట్ మీద పెట్టండి, 4222, బి మైనర్ అయిపోయింది. ఇంకో సంగతి, జి తీగని ఉంగరపు వేలే నొక్కుతోంది కాబట్టి చూపుడువేలు అక్కడ కష్టపడక్కర్లేదు, మిగతా మూడు తీగలు చూసుకుంటే చాలు.

బి ఫ్లాట్‌ని పైనుంచి దింపండి

మొదటి ఫ్రెట్ దగ్గర నట్ పక్కనే ఉంటుంది కాబట్టి తీగ బిర్రుగా తగులుతుంది, అందుకే అక్కడ మొదలుపెట్టొద్దు. ముందు 5433 పట్టండి: చూపుడువేలు ఈ (E), ఏ (A) తీగల మీద 3వ ఫ్రెట్‌లో, మధ్యవేలు సి తీగ 4లో, ఉంగరపు వేలు జి తీగ 5లో. ఇది మీకు తెలిసిన సి మేజరే, కాబట్టి 0003 వాయించి, వెంటనే ఇది వాయించి చెవితోనే సరి చూసుకోవచ్చు. కుదిరితే 4322, అదీ కుదిరితే 3211.

ఎక్కువమందికి అడ్డం పడేది మధ్యవేలు, అది పక్కకి వాలి ఈ (E) తీగని తాకి మూగ చేసేస్తుంది. వేలి కొన మీద నిలబెట్టండి.

ఎఫ్ (2010) నుంచి బి ఫ్లాట్‌కి వెళ్లేటప్పుడు చూపుడువేలు ఎత్తకండి, అది ఎలాగూ ఈ (E) తీగ మొదటి ఫ్రెట్‌లోనే ఉంది. దాన్ని ఏ (A) తీగ మీదకి వాల్చండి, మధ్యవేలు జి నుంచి పక్కన సి తీగకి అదే 2వ ఫ్రెట్‌లో దిగుతుంది, ఉంగరపు వేలు జి తీగ 3లో పడుతుంది. స్ట్రమ్ (తీగలన్నీ ఒక్కసారి మీటడం) లేకుండా ఈ కదలిక ఒక్కటే చాలాసేపు చెయ్యండి, ప్రాక్టీస్‌లో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే.

ఈ మేజర్

4442. మూడు వేళ్లు ఒకే ఫ్రెట్‌లో ఇరుక్కోవాలి, చిన్న సైజు సొప్రానోలో అయితే (తీగ పొడవు దాదాపు 13 అంగుళాలే) మరీ ఇరుకు, 17 అంగుళాల పెద్ద సైజు టెనర్‌లో కాస్త నయం. నేనైతే ఉంగరపు వేలు ఒక్కటే జి, సి, ఈ (E) తీగల మీద వాల్చి, చూపుడువేలు ఏ (A) తీగ 2లో పెట్టమంటా. ఉంగరపు వేలు ఏ (A) తీగకి తగలకుండా కొన కణుపు కొంచెం వెనక్కి వంగాలి, కొందరి వేలు అలా వంగదు. వంగకపోతే 1402 పట్టండి, చూపుడువేలు జి 1, మధ్యవేలు ఏ 2, చిటికెన వేలు సి 4. వేళ్లు సాగాలి కానీ బారే గొడవ ఉండదు.

వేగం గురించి తొందరొద్దు. మెట్రోనోమ్ (టిక్ టిక్ మంటూ తాళం చెప్పే పరికరం) నిమిషానికి 60 బీట్ల మీద పెట్టి, మూడు బీట్లు వాయించి నాలుగోది కార్డ్ మార్చుకోడానికి వదిలెయ్యండి. ఇవి కుదిరేలోపు పాట ఆపకండి, బి మైనర్ బదులు 2222, బి ఫ్లాట్ బదులు 0211, ఈ మేజర్ బదులు 1202 వాడొచ్చు, రంగు కొంచెం మారుతుంది కానీ చాలా పాటల్లో బాగానే ఇమిడిపోతాయి. వేలి కొసలు మండటం మామూలే, బొటనవేలి మొదట్లోనో మణికట్టులోనో నొప్పి వస్తే మాత్రం ఆ రోజుకి ఆపేసి, మర్నాడు ముందు బొటనవేలు ఎక్కడుందో చూసుకోండి.