ఉల్లి వేరు కొసన కణం చీలడం చూడాలంటే

అమలాపురం దగ్గర ఇంటర్ పిల్లలకు బోటనీ చెబుతాను. కణ విభజనకు బోర్డు మీద ఎన్ని బొమ్మలేసినా బుర్రకెక్కదు. ఒక ఉల్లిపాయ తెచ్చుకోండి.

ఎండిన పాత వేళ్ళు గీకేసి, పాయ అడుగు మాత్రమే నీళ్ళకు తగిలేలా గ్లాసు మీద కూర్చోబెట్టండి. మొదటిసారి నేను బోరు నీళ్ళు పోశాను. మా వైపు సముద్రం దగ్గర, బోరంతా ఉప్పు. వేళ్ళు రాలేదు సరికదా, పాయ కుళ్ళి ల్యాబంతా కంపు. అప్పట్నుంచీ తాగే నీళ్ళే, అవీ రోజూ మారుస్తాను. మూడు నాలుగు రోజుల్లో తెల్లటి వేళ్ళు దిగుతాయి.

ఉదయం 8, 10 గంటల మధ్య వేరు కొస 2–3 మిల్లీమీటర్లు కోయండి. కణాలు చీలేది అక్కడే. మూడు పాళ్ళ ఆల్కహాల్, ఒక పాలు గ్లేషియల్ (నీళ్ళు కలపని) ఎసిటిక్ ఆమ్లం కలిపి అందులో ఒక రోజు ఉంచితే ఏ కణం ఏ దశలో ఉందో అక్కడే ఆగిపోతుంది. తర్వాత కడిగి స్లైడ్ మీద పెట్టి, ఒక చుక్క 1 నార్మల్ గాఢత హైడ్రోక్లోరిక్ ఆమ్లం, రెండు మూడు చుక్కల ఎసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు వేసి స్పిరిట్ దీపం మీద వెచ్చబెట్టండి. మరగనివ్వద్దు. కవర్ స్లిప్ అనే పల్చటి గాజు ముక్క మూసి, పెన్సిల్ మొనతో కాకుండా వెనకవైపుతో తట్టి, బ్లాటింగ్ పేపర్ పెట్టి బొటనవేలితో నొక్కండి. స్లిప్ పక్కకు జరిగిందా, మళ్ళీ మొదటికి. మా పిల్లల స్లైడ్లు సగం పోయేది ఇక్కడే.

మైక్రోస్కోపులో చూడగానే చాలా కణాలు ఊరికే కూర్చున్నట్టుంటాయి. నిజానికి అవి పెరుగుతూ, డీఎన్‌ఏను రెండింతలు చేసుకుంటూ విభజనకు సిద్ధమయ్యే పనిలో ఉంటాయి. ఓపిగ్గా జరుపుతూ పోతే 16 క్రోమోజోములూ (డీఎన్‌ఏ చుట్టుకున్న కట్టలు) నడిమధ్య వరస కట్టిన కణం దొరుకుతుంది. అక్కడ ఆగండి. పడవలు దాటించే మన కాలవ లాకుల్లో నీటి మట్టం సమం కాకుండా రెండో తలుపు తీయరు కదా, ఇదీ అంతే. ప్రతి క్రోమోజోమునూ రెండువైపులా కండె పోగులు (స్పిండిల్, క్రోమోజోముల్ని లాగే దారాలు) పట్టుకుంటేగానీ కణం ముందుకు పోదు. ఇలాంటి తనిఖీలుంటాయని ఈస్ట్‌లో చూపిన అమెరికా శాస్త్రవేత్త లీలండ్ హార్ట్‌వెల్‌కు 2001లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు.

మన కణాల్లో పి53 అనే ప్రోటీన్ ఇంకో లస్కరు, అంటే లాకు తలుపుల కాపలాదారు. డీఎన్‌ఏ దెబ్బతింటే విభజన ఆపుతుంది, బాగుపడకపోతే కణాన్నే చంపేస్తుంది. మనుషుల క్యాన్సర్లలో సుమారు సగంలో దీని జన్యువే చెడి ఉంటుంది. పొగాకు పొగలోని బెంజోపైరీన్ అనే రసాయనం డీఎన్‌ఏకు అతుక్కుని చెడగొడుతుంది. అయితే ఒక్క తలుపు విరిగితే చాలదు, ఏళ్ళ తరబడి ఒక్కోటీ విరగాలి. లంక పొగాకు చుట్ట కాలుస్తూ మా తాత "నలభై ఏళ్ళయింది, నాకేమైంది?" అనేవాడు. ఆ తర్వాత మూడేళ్ళకు నోట్లో పుండు మానలేదు.

స్లైడ్ చూశాక కాలేజీ గోడ పక్కనున్న బిళ్ళగన్నేరు చూపిస్తాను. అందులోంచి తీసిన విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు ఆ కండె పోగుల్నే కట్టనివ్వదు, క్యాన్సర్ కణం వరస దగ్గరే ఇరుక్కుని చచ్చిపోతుంది. వెంటనే ఎవరో ఒకరు "మా నాన్నమ్మ షుగరుకి ఆ ఆకు నములుతుందండీ" అంటారు. ఆ మందు ఆకులో ఉండేది అతి స్వల్పం, ఆసుపత్రిలో కొలిచి నరంలోకే ఎక్కిస్తారు. ఆకు నమిలితే మాత్రం వాంతులు కావచ్చు.