పెరటి కోళ్లకు నట్టలు పడితే: ముందు రెట్ట చూడండి, తర్వాతే మందు

కోడి ఈకలు ఉబ్బించుకుని ఓ మూల నిలబడిందంటే చాలు, మందుల షాపుకెళ్లి నట్టల మందు తెచ్చి నీళ్లలో కలిపేయడం మన హైదరాబాద్‌లో డాబా మీదో పెరట్లోనో నాలుగైదు కోళ్లు పెంచుకునే ఇళ్లలో మామూలైపోయింది. దయచేసి అలా చేయకండి. నట్టలు (పేగులో పురుగులు) పడినా, రక్తపారుడు (రెట్టలో రక్తం పడే జబ్బు) వచ్చినా, కొక్కెర తెగులు (రాణిఖేత్) తగిలినా మొదట్లో కోడి ఒకేలా కనిపిస్తుంది: మెడ లోపలికి ముడుచుకుంటుంది, కళ్లు సగం మూస్తుంది, మేత దగ్గరికి వచ్చి కూడా గింజ ముట్టకుండా నిలబడుతుంది. కానీ నట్టల మందు రక్తపారుడును ఆపదు, రక్తపారుడు మందు నట్టలను కదిలించదు, కొక్కెరకైతే మందే లేదు. తప్పు మందు వేసి ఎదురుచూసే ఆ ఒకటి రెండు రోజుల్లోనే చాలా కోళ్లు పోతాయి.

కాబట్టి రాత్రి కోళ్లు ఎక్కి పడుకునే కర్ర కింద పాత న్యూస్‌పేపర్ పరిచి, పొద్దున్నే మంచి వెలుతురులో చూడండి. ఆరోగ్యంగా ఉన్న కోడి రెట్ట గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగులో కాస్త గట్టిగా ఉంటుంది, పైన తెల్లటి పొర ఉంటుంది, ఆ తెలుపు దాని మూత్రమే. మధ్యమధ్యలో జిగటగా, ముదురు గోధుమ రంగులో, ముక్కు మూసుకోవాల్సినంత కంపుతో ఒక రెట్ట పడుతుంది. అది చూసి టెన్షన్ పడొద్దు, పేగు చివర ఉండే రెండు సంచులు ఖాళీ అయినప్పుడు అలాగే వస్తుంది. ఎప్పుడైనా ఒకసారి చిన్న నారింజ రంగు పొర కనిపించి, కోడి హుషారుగా తిరుగుతూ మేత తింటుంటే అది కూడా పేగు లోపలి పొర ఊడి రావడమే. మే నెల ఎండల్లో నీళ్లు ఎక్కువ తాగి పల్చగా వేయడమూ జబ్బు కాదు. నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి ఉంటే దానికి కావాల్సింది నీడ, చల్లటి నీళ్లు. వరసగా నీళ్ల విరేచనాలు, నురగ, తాజా రక్తం, ముదురు పచ్చ రంగు కనిపిస్తే మాత్రం ఆ కోడిని వెంటనే వేరుగా పెట్టి చదవడం కొనసాగించండి.

నట్టల్లో మన కోళ్లకు ఎక్కువగా పడేవి ఏలికపాములు. తెల్లగా, 5 నుంచి 12 సెంటీమీటర్ల పొడవుంటాయి, చిన్న పేగులో ఉంటాయి. కొద్దిగా ఉంటే బయటికి ఏమీ తెలియదు. ఎక్కువైతే కోడి బాగానే తింటుంది కానీ ఒళ్లు పట్టదు, తురాయి పాలిపోతుంది, గుడ్లు తగ్గుతాయి. కోడిని ఎత్తి రొమ్ము ఎముక మీద వేళ్లు పెట్టి చూడండి: రెండు పక్కలా కండ ఉండి ఎముక అంచు కొద్దిగా మాత్రమే తగిలితే మంచిదే, అంచు పదునుగా తగిలి పక్కల గుంటలు పడితే కోడి లోపల్లోపల కరిగిపోతోందని అర్థం. ఈకలు ఉబ్బి ఉండటం వల్ల చూపుకు ఇది తెలియదు, చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది, అందుకే నెలకోసారైనా ప్రతి కోడినీ ఎత్తి చూసే అలవాటు చేసుకోవాలి. మూడు నెలల్లోపు పిల్లలకు ఇవి చాలా ప్రమాదం, పురుగులు ఉండ కట్టి పేగుకు అడ్డం పడితే పిల్లలు చచ్చిపోతాయి కూడా. బద్దె పురుగులైతే రెట్ట మీద అన్నం మెతుకుల్లాంటి తెల్లటి ముక్కలు కనిపిస్తాయి, తాజా రెట్ట మీద అవి మెల్లగా కదులుతుంటాయి. ఇవి కాక కంటికి సరిగ్గా ఆనని, వెంట్రుకంత సన్నటి పురుగులు కూడా ఉన్నాయి. రెట్టలో ఏమీ కనిపించలేదు కాబట్టి నట్టలు లేవనుకోవడం అందుకే కుదరదు.

తేల్చి చెప్పేది రెట్ట పరీక్షే. రెండు మూడు కోళ్ల తాజా రెట్టను శుభ్రమైన చిన్న డబ్బాలో వేసి మూత పెట్టి అదే రోజు పశువైద్యశాలకు తీసుకెళ్లండి. ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టవచ్చు, ఫ్రీజర్‌లో వద్దు. సిటీలో ఉన్నవాళ్లకు నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్ వైపు వాళ్లకు వెటర్నరీ కాలేజీ ఉంది. కోడి ఖరీదు కంటే ఆటో చార్జీ ఎక్కువ కదా అని చాలామంది వెళ్లరు. కానీ ఆ పరీక్ష ఒక్క కోడికి కాదు, మీ మంద మొత్తానికి. మైక్రోస్కోపు కింద పురుగుల గుడ్లు చూసి ఏ పురుగో, ఎంత ఉందో, లేక అసలు పురుగే కాక రక్తపారుడు క్రిములో చెప్పేస్తారు.

పరీక్షలో ఏలికపాములని తేలితే ఎక్కువగా రాసేవి ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్, పిపరజిన్. పిపరజిన్ ఏలికపాములకు తప్ప మిగతా నట్టలకు పెద్దగా పనిచేయదు. ఐవర్‌మెక్టిన్ వేస్తే అన్నీ పోతాయని చెప్పేవాళ్లుంటారు, నమ్మకండి, పేగులోని నట్టల మీద దాని పని అంతంతమాత్రం, బద్దె పురుగును అసలు ఏమీ చేయదు. బద్దె పురుగుకు ప్రాజిక్వాంటెల్ లాంటిది కావాలి, లేదా ఆల్బెండజోల్ ఎక్కువ డోసులో వాడాలి, అది డాక్టరే చెప్పాలి.

డోసు లెక్క కోడి బరువు మీద నడుస్తుంది కాబట్టి ముందు తూకం వేయండి. కోడిని సంచిలో పెట్టి స్ప్రింగ్ కాటాకు తగిలిస్తే సరిపోతుంది. ఆల్బెండజోల్ మామూలుగా కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు. షాపులో 2.5 శాతం సీసా కూడా ఉంటుంది, 10 శాతం సీసా కూడా ఉంటుంది, పేరు ఒకటే, లేబుల్ రంగులు కూడా దగ్గరగా ఉంటాయి, ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. 2.5 శాతం అంటే ఒక మిల్లీలీటరులో 25 మిల్లీగ్రాములు, కిలోన్నర పెట్టకు 15 మిల్లీగ్రాములు కావాలి, అంటే 0.6 మిల్లీలీటరు. అదే 10 శాతం సీసా అయితే 0.15 మిల్లీలీటరు చాలు. 2.5 శాతం లెక్కతో 10 శాతం సీసాలోది వేస్తే నాలుగింతలు పడుతుంది. మీ సీసా ఫోటో, కోడి బరువు డాక్టరుకు చూపించి లెక్క సరిచూసుకున్నాకే వేయండి.

నీళ్లలో కలపడం నాకు నచ్చదు. జబ్బు కోడి నీళ్లు తాగదు, మంచి కోడి రెండింతలు తాగుతుంది, పైగా ఆల్బెండజోల్ అడుగున పేరుకుపోతుంది. పొద్దున్నే మేత వేయకముందు ఒక్కో కోడికి నోట్లో వేయడమే మేలు. పాత తువ్వాలుతో రెక్కలు కదలకుండా చుట్టి ఒళ్లో పెట్టుకోండి. ముక్కు కింద వేలాడే ఎర్రటి లోలకులను మెల్లగా కిందికి లాగితే నోరు తెరుస్తుంది. నాలుక మొదట్లో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే చిన్న రంధ్రం కనిపిస్తుంది, అది శ్వాసనాళం, మందు అందులోకి పోకూడదు. సూది తీసేసిన 1 మిల్లీలీటరు సిరంజితో ముక్కు పక్క నుంచి ఒక్కో చుక్క వేస్తూ, మింగాక ఇంకో చుక్క వేయండి. తల వెనక్కి వంచి ఒకేసారి పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే చేతుల్లోనే చచ్చిపోతుంది.

ఒక్క డోసుతో అయిపోదు. పేగు గోడలో దాగిన పిల్ల పురుగులకు మందు సరిగ్గా అందదు, అవి పెరిగి మళ్లీ గుడ్లు పెడతాయి. రెండు మూడు వారాలకు రెండో డోసు వేయాలి, నెలన్నర తర్వాత ఇంకోసారి రెట్ట పరీక్ష చేయిస్తే మందు పనిచేసిందో లేదో తెలుస్తుంది. మందు వేశాక గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో లేబుల్ మీద లేకపోతే డాక్టరును అడగండి, మేమైతే చివరి డోసు తర్వాత రెండు వారాలు పక్కన పెడతాం. పొదిగించడానికి గుడ్లు దాస్తున్న పెట్టకు ఆల్బెండజోల్ వేయకండి. ఇంట్లో గర్భిణులు ఉంటే ఆ సీసా ముట్టుకోకుండా చూడండి. వేపాకు, వెల్లుల్లి, గుమ్మడి గింజలు మేతలో వేయాలనుకుంటే వేయండి, కానీ పడిన నట్టలు వాటితో పోతాయని మందు ఆపొద్దు.

రక్తపారుడు సంగతి వేరు. ఇది పురుగు కాదు, కంటికి కనిపించని కాక్సీడియా క్రిమి, మూడు నుంచి ఆరు వారాల పిల్లలకు ఎక్కువ వస్తుంది, వానాకాలంలో గూట్లో తడిసిన పొట్టు మీద ఒకటి రెండు రోజుల్లోనే సోకడానికి సిద్ధమైపోతుంది. రెట్టలో రక్తం పడి పిల్లలన్నీ గుంపుగా ముడుచుకుంటే రిపోర్టు కోసం ఆగకుండా అదే రోజు డాక్టరుకు ఫోన్ చేసి ఆంప్రోలియం మొదలుపెట్టండి. 20 శాతం పొడి అయితే లీటరు నీళ్లకు 1.2 గ్రాములు, 5 నుంచి 7 రోజులు, ప్రతిరోజూ కొత్తగా కలిపి, వేరే నీళ్లు ఏవీ దొరక్కుండా పెట్టాలి. ఈ మందు ఆ క్రిమికి బి1 విటమిన్ అందకుండా చేసి చంపుతుంది కాబట్టి బలానికని అదే సమయంలో బి కాంప్లెక్స్ కలిపితే మందు వృథా. విటమిన్లు కోర్సు అయ్యాకే.

ఆకుపచ్చ నీళ్ల విరేచనాలతో పాటు గురక, మెడ మెలితిరగడం, కాళ్లు రెక్కలు పడిపోవడం ఉంటే అది కొక్కెర, అంటే రాణిఖేత్, కావచ్చు. చికిత్స లేదు, మిగతావాటిని దూరం చేయడమే. రెండు రోజుల్లో వరసగా కోళ్లు చచ్చిపోతుంటే చేతులతో ముట్టుకోకండి, కోయకండి, అమ్మకండి, పశుసంవర్ధక శాఖకు చెప్పండి. అది బర్డ్ ఫ్లూ కూడా కావచ్చు. 2025 ఆరంభంలో గోదావరి జిల్లాల్లో అది వచ్చింది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మందు వేసి నేలను వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. ఏలికపాము గుడ్లు తడి నేలలో నెలల తరబడి బతుకుతాయి, ఫినాయిల్‌కు కూడా లొంగవు, వాటికి శత్రువు ఎండా పొడీ. డోసు వేశాక మూడు రోజులపాటు రెట్ట ఎత్తి కవర్లో కట్టి పారేయండి, ఆకుకూరల మడిలో వేయొద్దు. పొట్టు మొత్తం మార్చి, గూడు ఎండలో పెట్టండి. మేత నేల మీద చల్లకుండా తొట్టిలో వేయండి, నీళ్ల గిన్నె కింద ఒక ఇటుక పెడితే చుట్టూ బురద కాదు. బద్దె పురుగులు చీమలు, ఈగలు, పేడపురుగులు, నత్తల ద్వారా వస్తాయి కాబట్టి చెత్తకుప్ప గూటికి దూరంగా ఉండాలి. ముర్గీ చౌక్‌లోనో సంతలోనో కొన్న కొత్త కోడిని మూడు వారాలు విడిగా ఉంచి, రెట్ట పరీక్ష అయ్యాకే మందలో కలపండి. నట్టల మందు వేసిన వారం తర్వాత, కోళ్లన్నీ హుషారుగా ఉంటేనే కొక్కెర టీకా వేయించండి. కోడిపిల్లలకు మొదటి వారంలో కంట్లో ఎఫ్1 లేదా లసోటా అనే టీకా చుక్క, నాలుగో వారంలో లసోటా, ఎనిమిదో వారంలో ఆర్2బి సూది. ఒక్కో సీసాలో చాలా కోళ్లకు సరిపడా మందు ఉంటుంది, కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. అందుకే కోళ్లున్న పక్కింటివాళ్లతో ముందే మాట్లాడుకుని అందరూ ఒకే రోజు వేయించుకోండి. సీసాను మాత్రం ఐసు ముక్కలున్న ఫ్లాస్కులోనే తీసుకురండి.