కొత్త దేశంలో కేబుల్ కనెక్టర్: గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవారికి

రాజోలులోనో పాలకొల్లులోనో టీవీలో బొమ్మ ఆగిపోతే కేబుల్ కుర్రాడికి ఫోను చేస్తాం. అతను వచ్చి, బ్లేడుతో వైరు చెక్కి, జాలీ తీగలను వెనక్కి మడిచి, కనెక్టర్‌ను చేత్తోనే మెలితిప్పి ఎక్కించి, పైన నల్ల టేపు చుట్టి వెళ్తాడు. మీరు ఇప్పుడు దిగిన ఊళ్లో ఆ కుర్రాడు ఉండడు. కంపెనీ మనిషి రావాలంటే ముందుగా సమయం రాయించుకోవాలి, చాలాచోట్ల వచ్చినందుకు రుసుము కూడా కట్టాలి. అందుకే వైరు చివర కనెక్టర్ ఎక్కించే ఈ పని నేర్చుకోమంటున్నాను. ఒక్క సాయంత్రం కూర్చుంటే పట్టుబడుతుంది.

అయితే మన ఊరి పద్ధతిని అక్కడ వాడకండి. అమెరికా, కెనడాల్లో చాలా ఇళ్లకు ఇంటర్నెట్ కూడా ఈ కోయాక్సియల్ కేబుల్ మీదే వస్తుంది. అంటే మధ్యలో తీగ, దాని చుట్టూ తెల్లని ప్లాస్టిక్, రేకు, తీగల జాలీ, పైన తొడుగు ఉండే గుండ్రని టీవీ వైరు. మెలితిప్పిన కనెక్టర్‌తో టీవీ ఎలాగో నెట్టుకొస్తుంది గానీ, ఇంటర్నెట్ అందించే పెట్టె, అంటే మోడెం, నెట్టుకురాలేదు. అది సంకేతాన్ని అందుకోవడమే కాదు, తిరిగి పంపుతుంది కూడా. జాలీ వదులుగా ఉంటే బయటి రేడియో తరంగాలు లోపలికి చొరబడి, మీ ఇంటితో ఆగకుండా వీధిలోని మిగతా కనెక్షన్లనూ చెడగొడతాయి. వీడియో కాల్‌లో అమ్మ మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంటే, కంపెనీని తిట్టుకునే ముందు గోడ దగ్గరి కనెక్టర్‌ను ఒకసారి పట్టి చూడండి.

వైరు మీది అచ్చు చదవండి. ఎక్కువగా ఆర్‌జీ 6 అని ఉంటుంది: 75 ఓమ్‌ల కేబుల్, మందం దాదాపు 7 మి.మీ. పాత ఇళ్లలో ఆర్‌జీ 59 ఉండవచ్చు. అది కాస్త సన్నం, ఆర్‌జీ 6 కనెక్టర్ దానికి బిగుసుకోదు. ‘క్వాడ్ షీల్డ్’ అని ఉంటే లోపల రెండు రేకులు, రెండు జాలీలు ఉంటాయి, దానికి సరిపోయేదే అడిగి కొనండి. బ్రిటన్‌లో టీవీ యాంటెన్నాకు మర లేని, గుచ్చే రకం కనెక్టర్ వాడతారు. ఆస్ట్రేలియాలో గోడ లోపలి వైరింగ్ జోలికి వెళ్లకండి, నమోదైన పనివారే చేయాలని అక్కడి నిబంధన.

కంప్రెషన్ రకం (నొక్కి బిగించే) ఎఫ్ కనెక్టర్లు, అంటే మరతో బిగించే టీవీ కేబుల్ కనెక్టర్లు, వైరు తొడుగు ఒలిచే స్ట్రిప్పర్, కనెక్టర్‌ను నొక్కే కంప్రెషన్ టూల్ కొనుక్కోండి. టూల్ దగ్గర డబ్బుకు వెనుకాడకండి. పటకారుతో నొక్కితే కనెక్టర్ వంకరపోతుంది, పట్టూ ఉండదు.

వైరు చివరను తిన్నగా కోసి, స్ట్రిప్పర్‌లో పెట్టి చుట్టూ తిప్పండి. రెండు మెట్లుగా వస్తుంది: చివర 6 మి.మీ. ఒట్టి తీగ, దాని వెనుక మరో 6 మి.మీ. మేర రేకు, జాలీ. జాలీని వెనక్కి, పైతొడుగు మీదికి మడవండి. తెల్లని ప్లాస్టిక్‌కు అంటుకున్న రేకును మాత్రం ఊడదీయకండి. ఇక్కడ తొందరపడకూడదు. వెంట్రుకంత జాలీ తీగ ఒక్కటి మధ్య తీగను తాకినా షార్ట్ అవుతుంది, కాబట్టి వెలుతురులో పట్టుకుని, వేలితో చుట్టూ తడిమి చూసుకోండి. మధ్య తీగ చాలా కేబుళ్లలో పైకి రాగి, లోపల ఉక్కు. సంకేతం ప్రయాణించేది ఆ రాగి పైపొరలోనే. దాని మీద బ్లేడు గీత పడితే ఆ ముక్క కోసేసి మళ్లీ మొదలుపెట్టండి.

ఇప్పుడు కనెక్టర్‌ను నేరుగా, బలంగా తోయండి. దాని లోపలి సన్నని గొట్టం రేకు మీదుగా, జాలీ కిందుగా పోవాలి. ముందు నుంచి చూస్తే తెల్లని ప్లాస్టిక్ కనెక్టర్ అడుగుతో సమానంగా ఉండాలి, మధ్య తీగ నట్టు అంచును దాటి సుమారు 2 మి.మీ. కనిపించాలి. తెలుపు లోపలే ఆగిపోతే ఇంకా తోయాల్సి ఉందని అర్థం. ఆ తర్వాతే టూల్‌లో పెట్టి నొక్కండి. మోడెంకు చేత్తో బిగించి, 11 మి.మీ. పానాతో కొద్దిగా తిప్పితే చాలు.

ఒక వైరును రెండు మూడు దారులుగా చీల్చే స్ప్లిటర్లు అవసరం లేకుండా ఉంటే తీసేయండి. రెండు దారుల స్ప్లిటర్‌లో ఒక్కో దారికి సంకేతం సగం కన్నా తక్కువే చేరుతుంది.

కువైట్, మస్కట్‌లలో డిష్ పెట్టుకునేవారు ముందుగా రిసీవర్ ప్లగ్గు పీకేయాలి. 13 లేదా 18 వోల్టులు ఇదే వైరు మీదుగా డిష్ ముందుండి సంకేతాన్ని అందుకునే ఎల్‌ఎన్‌బీకి వెళ్తుంటాయి, షార్ట్ అయితే రిసీవర్ పాడైపోవచ్చు.

సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు ఆ టూల్‌ను, నాలుగు కనెక్టర్లను పెట్టెలో వేసుకోండి. మన డిష్‌లకూ ఇవే సరిపోతాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి డాబా మీది రాగి తీగకు పచ్చని చిలుము పడుతుంది, అల్యూమినియం జాలీ తెల్లగా పొడిపొడిగా రాలుతుంది. పాడైనంత మేరా కోసేసి, మెరిసే రాగి కనబడ్డాకే కొత్తది ఎక్కించండి. కనెక్టర్‌కు కాస్త ముందు వైరును కిందికి వంపు తిప్పి కట్టండి, వాన నీరు లోపలికి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది.