రైటర్‌తో రాత పని – 9వ పాఠం: ఫైలు సేవ్ కాకుండా మొరాయిస్తే

స్టైల్స్‌తో విషయసూచిక తయారు చేయడం 8వ పాఠంలో నేర్చుకున్నాం. ఆ అభ్యాసం చేసినవారి దగ్గర ఈపాటికి పదీ ఇరవై పేజీల పత్రం ఒకటి ఉండే ఉంటుంది. అంత పనీ చేతికి దక్కకుండా పోయే ప్రమాదం ఒక చోట ఉంది. కంట్రోల్ + ఎస్ నొక్కినప్పుడు, పత్రాలు రాసుకునే ప్రోగ్రామ్ లిబ్రెఆఫీస్ రైటర్ ఒక్కోసారి పత్రాన్ని సేవ్ చేయకుండా, లోపం వచ్చిందంటూ ఒక చిన్న పెట్టె చూపిస్తుంది. అప్పుడు ఏం చేయాలో, ఏ వరుసలో చేయాలో ఈ పాఠంలో చూద్దాం. వరుస తప్పితే, సరిచేయగలిగిన లోపం కూడా నష్టంగా మారుతుంది.

మొదటి మాట: రైటర్‌ను మూయకండి. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయకండి. లోపం చూపించిన పెట్టెలో ఓకే నొక్కితే పోయేది ఆ పెట్టె ఒక్కటే. మీరు రాసినదంతా కంప్యూటర్ మెమరీలో భద్రంగానే ఉంటుంది, కానీ రైటర్ తెరిచి ఉన్నంతసేపే. "మూసి మళ్లీ తెరిస్తే అదే సర్దుకుంటుంది" అన్న అలవాటు ఫోను దగ్గర పనికొస్తుందేమో గాని, ఇక్కడ చివరిసారి సేవ్ చేసిన తర్వాత రాసినదంతా తుడిచిపెట్టేస్తుంది. కంట్రోల్ + ఎస్‌ను పదే పదే నొక్కడం వల్లా లాభం లేదు. కారణం మారనిదే ఫలితం మారదు.

రెండో పని, పత్రాన్ని వేరే చోట, వేరే పేరుతో సేవ్ చేయడం. ఫైల్ మెనూలో సేవ్ యాజ్ ఎంచుకోండి, లేదా కంట్రోల్ + షిఫ్ట్ + ఎస్ నొక్కండి. విండోస్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌నూ, లినక్స్‌లో మీ హోమ్ ఫోల్డర్‌నూ చూపించండి. పేరు మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో నాలుగైదు అక్షరాలకు మించకుండా పెట్టండి. ఫైల్ రకం ఓడీటీగానే (రైటర్ సొంత రూపం) ఉంచండి. ఈ ఒక్క పనితో పత్రం భద్రమవుతుంది, లోపం ఎక్కడుందో కూడా సగం తెలిసిపోతుంది.

కొత్త చోట సేవ్ అయిందనుకోండి, మీ రాతలో ఏ దోషమూ లేదు. పాత ఫోల్డర్‌లోనో, పాత పేరులోనో, ఆ ఫైలును పట్టుకుని కూర్చున్న మరో ప్రోగ్రామ్‌లోనో ఇబ్బంది ఉంది. అక్కడా సేవ్ కాకపోతే కంట్రోల్ + ఏ నొక్కి మొత్తం ఎంచుకుని, కాపీ చేసి, కంట్రోల్ + ఎన్‌తో కొత్త పత్రం తెరిచి అందులో అతికించండి. ఆ కొత్తది సేవ్ అయితే పాత పత్రంలోనే ఏదో చెడింది. ఎక్కువగా అది వేరేచోటి నుంచి తెచ్చి అతికించిన బొమ్మో, పట్టికో అవుతుంది. కొత్తదీ సేవ్ కాకపోతే సగం సగంగా అతికించి చూస్తే దోషి ఏ సగంలో ఉందో బయటపడుతుంది. ఖాళీ పత్రంలో ఒక్క వాక్యం రాసినా సేవ్ కావడం లేదంటే డిస్కులో ఖాళీ జాగా చూడండి. జాగా ఉంటే, హెల్ప్ మెనూలో ఉన్న, మీ సొంత అమరికలను పక్కనపెట్టి తెరిచే సేఫ్ మోడ్‌తో రైటర్‌ను తిరిగి తెరిచి ప్రయత్నించాలి. కానీ తెరపై ఉన్న రాతను నోట్‌ప్యాడ్‌లోనో, మీకే పంపుకునే మెయిల్‌లోనో అతికించి దాచుకున్నాకే ఆ పని చేయండి.

ఇక ఒక్కో కారణం దగ్గరికి వెళ్దాం.

ఆబ్జెక్ట్‌ను (అంటే ఆ ఫైలును) చేరలేకపోయామనీ, మీకు తగిన హక్కులు లేవనీ సందేశం వస్తే చాలామంది రైటర్ పాడైందనుకుని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. విండోస్ 10, 11లలో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనే రక్షణ ఉంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ నుంచి కాపాడటానికి దాన్ని 2017లో తెచ్చారు. దాన్ని ఆన్ చేస్తే, విండోస్ నమ్మని ప్రోగ్రామ్ ఏదీ డాక్యుమెంట్స్ వంటి ఫోల్డర్లలో రాయలేదు. దీని గుర్తు చాలా స్పష్టం: పత్రం మామూలుగానే తెరుచుకుంటుంది, డాక్యుమెంట్స్‌లో సేవ్ కాదు, డౌన్‌లోడ్స్‌లో మాత్రం అవుతుంది. విండోస్ సెక్యూరిటీలో వైరస్ రక్షణ విభాగం కింద రాన్సమ్‌వేర్ రక్షణ పేజీ తెరవండి. అక్కడ అనుమతించిన ప్రోగ్రామ్‌ల జాబితాలో లిబ్రెఆఫీస్‌ను చేర్చండి. రక్షణను మొత్తంగా ఆపేయమని కొందరు సలహా ఇస్తారు. నేను ఇవ్వను. ఒక ప్రోగ్రామ్‌ను చేర్చడంతో తీరే పనికి ఇంటి ఫొటోలనూ, లెక్కలనూ అపాయంలో పెట్టనక్కర్లేదు.

తర్వాతిది తాళం ఫైలు. మీరు ఒక పత్రం తెరవగానే రైటర్ అదే ఫోల్డర్‌లో ఇంకో చిన్న ఫైలు పెడుతుంది. దాని పేరు చుక్కతో, అలల గీతతో (~) మొదలై, లాక్ అనే మాట తర్వాత మీ పత్రం పేరు వచ్చి, # గుర్తుతో ముగుస్తుంది. దాచిన ఫైళ్లు కనిపించేలా చేస్తే మీకూ కనబడుతుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పత్రాన్ని ఎవరు తెరిచారో, ఏ కంప్యూటర్‌లో, ఏ తేదీన, ఏ సమయానికి తెరిచారో ఒకే వరుసలో రాసి ఉంటుంది. పత్రాన్ని సక్రమంగా మూస్తే ఈ ఫైలు దానంతట అదే పోతుంది. మధ్యలో కరెంటు పోతే మిగిలిపోతుంది. మళ్లీ తెరిచినప్పుడు ఈ పత్రం వాడుకలో ఉందని రైటర్ చెప్పేది అందుకే. ఆఫీసులో అందరూ వాడే ఫోల్డర్ అయితే లోపలి పేరు చూసి, ఆ మనిషిని అడగండి. సొంత కంప్యూటరే అయితే టాస్క్ మేనేజర్‌లో లిబ్రెఆఫీస్ ఇంకా నడుస్తోందేమో చూసి ఆపండి. అప్పుడు తాళం ఫైలును తీసేయవచ్చు. అసలు పత్రాన్ని తీసేయకుండా పేరు రెండుసార్లు చదవండి.

పెన్‌డ్రైవ్ గురించి ఎక్కువ చెప్పను. అందులోనే పత్రం తెరిచి, అందులోనే రాసి, అందులోనే సేవ్ చేసే అలవాటు మానండి. కంప్యూటర్‌లో రాయండి, మూశాక కాపీ చేయండి, ఎజెక్ట్ చేసి తీయండి. మెయిల్‌లోనో, జిప్ ఫైలులోనో వచ్చిన పత్రానికీ ఇదే పద్ధతి: ముందు బయటికి తీసి పెట్టుకుని, ఆ తర్వాతే తెరవాలి.

ఫైలు పేరు సంగతి తెలుగులో రాసేవారు తప్పకుండా తెలుసుకోవాలి. విండోస్‌లో \ / : * ? " < > | అనే తొమ్మిది గుర్తులు పేరులో చెల్లవు. "నివేదిక 12/05" అని తేదీతో పేరు పెట్టబోయేవారూ, "ఎవరికోసం?" అన్న కథకు శీర్షికనే ఫైలు పేరుగా ఇవ్వబోయేవారూ ఇక్కడే ఆగిపోతారు. లినక్స్‌లో ప్రశ్నార్థకం చెల్లుతుంది గాని, అదే ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయబోతే అక్కడ ఆగుతుంది. తేదీకి అడ్డగీత వాడండి: 2025-05-12. సంవత్సరం ముందుంటే ఫైళ్లు కాలక్రమంలో పేర్చుకుంటాయి కూడా.

పొడవు ఇంకో చిక్కు. "రాష్ట్రం" అన్న మాటలో మన కంటికి రా, ష్ట్రం అని రెండే అక్షరాలు. అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో అవి ఎనిమిది సంకేతాలు: ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న. లినక్స్‌లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు (నిల్వ జాగాకు చిన్న కొలత) కావాలి, అంటే ఈ ఒక్క మాటకే 24 బైట్లు. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు, డిస్కులో ఫైళ్లను పెట్టడానికి మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. చివర చుక్క ఓడీటీకి నాలుగు బైట్లు, తాళం ఫైలు అదనంగా చేర్చే గుర్తులకు ఎనిమిది తీసేస్తే మిగిలేది 243. అంటే పూర్తి తెలుగు పేరుకు 81 సంకేతాలే. వ్యాసం శీర్షికను ఉన్నదున్నట్టు పేరుగా పెడితే ఈ హద్దు చాలా సులువుగా దాటుతుంది. విండోస్‌లో బైట్ల లెక్క లేదు గాని, డ్రైవ్ నుంచి ఫైలు పేరు దాకా మొత్తం దారి 260 సంకేతాలు దాటితే చాలా ప్రోగ్రామ్‌లు తడబడతాయి. ఫోల్డర్‌లో ఫోల్డర్, దానిలో మరో ఫోల్డర్ పెట్టి, అన్నిటికీ పొడవాటి తెలుగు పేర్లు పెట్టేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. తెలుగు పేర్లు వద్దనడం లేదు, తప్పకుండా పెట్టండి. రెండు మూడు మాటలకు కుదించండి, అంతే.

ఏ సందేశమూ రాకుండా జరిగే నష్టం అన్నిటికంటే చెడ్డది. పత్రాన్ని టెక్స్ట్ ఫైలుగా సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) అడిగితే, యూనికోడ్ అక్షరాలన్నీ పట్టే యూటీఎఫ్-8 తప్ప ఇంకేదీ ఎంచుకోకండి. పశ్చిమ యూరప్ భాషల ఎన్‌కోడింగ్‌లో తెలుగు అక్షరాలకు చోటే లేదు. ప్రతి అక్షరం స్థానంలో ప్రశ్నార్థకం పడుతుంది, ఫైలు మాత్రం చక్కగా సేవ్ అయినట్టే కనిపిస్తుంది. మూసేశాక ఆ ఫైలులోంచి తెలుగును తిరిగి రాబట్టే దారి లేదు, అక్షరాలు అసలు అందులోకి చేరనేలేదు కనుక. డాక్స్ (మైక్రోసాఫ్ట్ వర్డ్) రూపంలో సేవ్ చేసేటప్పుడు ఏ రూపం కావాలని రైటర్ అడిగే ప్రశ్న మాత్రం లోపం కాదు, భయపడకండి. సొంత ప్రతిని ఓడీటీలో ఉంచుకుని, పంపే ప్రతిని డాక్స్‌లో తీయండి.

ఇప్పుడు రైటర్ తెరిచి టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్, జనరల్ వరుసలో వెళ్లండి. రాసినదాన్ని మధ్యమధ్యలో తనంతట తానే దాచే ఆటోరికవరీ పక్కన టిక్ పెట్టి, నిమిషాల సంఖ్యను 10 నుంచి 3కు తగ్గించండి. ఎప్పుడూ బ్యాకప్ ప్రతి తయారుచేయాలన్న ఎంపికకూ టిక్ పెట్టండి. దానివల్ల మీరు సేవ్ చేసిన ప్రతిసారీ అంతకు ముందున్న ప్రతి విడిగా నిలుస్తుంది.

అభ్యాసం: ఒక పేజీ రాసి సేవ్ చేసి, పత్రాన్ని మూయకుండానే ఆ ఫోల్డర్‌లో తాళం ఫైలును వెతికి, లోపలి వరుసను చదవండి. తర్వాత పత్రాన్ని మూసి, ఫైల్ ప్రాపర్టీస్‌లో రీడ్-ఓన్లీ పెట్టి మళ్లీ తెరవండి. ఒక మాట మార్చబోయి, రైటర్ ఏమంటుందో నోటుపుస్తకంలో రాసుకోండి. సగం సేవ్ అయి తెరుచుకోని ఓడీటీ ఫైలును జిప్‌గా విప్పి, లోపలి రాతను వెలికితీయడం 10వ పాఠంలో చేస్తాం. దానికి ఈ అభ్యాసంలో వాడిన ఫైలే కావాలి, తీసేయకండి.