కామిక్స్ గీసే చెయ్యి టీవీ స్టోరీబోర్డుకి మళ్లాలంటే

విజయవాడలోనో గుంటూరులోనో కూర్చుని కామిక్స్ గీసేవాళ్లు టీవీ యానిమేషన్‌కి మారాలంటే దగ్గరి దారి స్టోరీబోర్డు, అంటే సీను ఎలా కనిపించాలో ముందే వరస గడుల్లో గీసి చూపించడం. సాఫ్ట్‌వేర్ గురించి కంగారొద్దు. స్టోరీబోర్డర్ (Storyboarder), క్రిటా (Krita) అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే. ముందు కొన్ని అలవాట్లు వదిలించుకోవాలి.

గీతలు తగ్గించండి. అమెరికాలో కామిక్స్ గీసిన అలెక్స్ టాత్ హన్నా-బార్బెరా అనే కార్టూన్ స్టూడియో కోసం 1966లో స్పేస్ ఘోస్ట్ అనే టీవీ కార్టూన్ హీరోకి రూపం ఇచ్చాడు; గీతల పొదుపు ఎలా ఉంటుందో అక్కడ చూడండి. ఎందుకంటారా? 11 నిమిషాల ఎపిసోడ్, సెకనుకి 25 ఫ్రేములు: మొత్తం 16,500. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలిపినా 8,250 బొమ్మలు. హీరోకి గళ్ల లుంగీ కట్టారో, ఆ గళ్లన్నీ అన్నిసార్లూ కదలాలి. తెల్ల పంచె కట్టించండి, గొడవ వదులుతుంది.

ఎక్కువమంది దొరికిపోయేది మాటల బెలూన్ల దగ్గర. ముందు మాట్లాడేవాడు ఎడమవైపు ఉండాలని కామిక్స్‌లో గడిగడికీ మనుషుల చోట్లు మార్చేస్తాం, ఎవరూ పట్టించుకోరు. టీవీలో అలా చేస్తే ఎదురెదురుగా నిలబడ్డవాళ్లు కూడా ఒకే వైపు చూస్తున్నట్టు కనిపిస్తారు. ఇద్దరి మధ్యా ఒక గీత ఉందనుకుని, కెమెరాని దానికి ఒక పక్కనే ఉంచండి.

ఇక కదలిక. ప్రకాశం బ్యారేజీ మీద సైకిల్ తొక్కే కుర్రాడి టోపీ ఎగిరిపోయింది. కామిక్స్‌లో ఒక్క గడి చాలు. బోర్డులో గాలికి టోపీ అంచు లేవాలి, టోపీ ఎగరాలి, చెయ్యి హ్యాండిల్ వదలాలి, ఖాళీ తల తడుముకోవాలి, అప్పుడు వాడు వెనక్కి చూడాలి. ఐదు గడులు. మాటల్లేకుండా ఇంట్లోవాళ్లకి చూపించండి; "ఏమైంది?" అని అడిగితే గడి ఎక్కడో తగ్గింది.

గడులన్నీ 16:9లోనే, 1920×1080 సైజులో. డైలాగు ఫోన్‌లో రికార్డు చేసి, బొమ్మల్ని దానికి సరిపెట్టి యానిమాటిక్ (బోర్డు గడుల్నే వరసగా నడిపించే వీడియో) చెయ్యండి. కళ్లతో చదువుకుని టైము వేస్తే తక్కువే వస్తుంది, నోటితో పలికితే ఎక్కువ పడుతుంది.

హైదరాబాద్ స్టూడియోలకి పంపే ఫైల్లో నిమిషం నిడివి సీన్లు రెండు చాలు: ఒకటి పరుగు, ఒకటి సంభాషణ. వాటితోపాటు ఒక పాత్రని ముందు, ముప్పావు, పక్క, వెనక నుంచి ఒకే ఎత్తులో గీసిన షీటు. రంగులద్దిన కవర్ పేజీలు చివర్లో పెట్టండి, లేదంటే ఇలస్ట్రేటర్ అనుకుని పక్కన పెట్టేస్తారు.