కెప్టెన్ బ్లై మీద తీర్పు చెప్పాలంటే బౌంటీ సినిమా ఎలా చూడాలి

ఇరవై ఆరేళ్ళు సరుకు ఓడల్లో వంట చేసి, చీఫ్ కుక్‌గా రిటైరై విశాఖపట్నంలో ఉంటున్నాను. మా మేనల్లుడు ఓడ దిగి సెలవుకు వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ‘మ్యూటినీ ఆన్ ది బౌంటీ’ వేస్తాం. కథ నిజంగా జరిగిందే: తహితి దీవి నుంచి సీమ పనస మొక్కలు తేవడానికి వెళ్ళిన బౌంటీ అనే ఇంగ్లీషు ఓడలో, 1789లో ఫ్లెచర్ క్రిస్టియన్ అనే ఆఫీసరు కెప్టెన్ బ్లై మీద తిరగబడి, ఆయన్నీ ఆయన వైపు వాళ్ళనీ ఒక చిన్న పడవలో సముద్రంలో వదిలేశాడు. సినిమా అవగానే గొడవ మొదలు. మా ఆవిడ “ఆ కెప్టెన్‌కి పడవ కూడా ఎందుకిచ్చారు, సముద్రంలోకి తోసేయక” అంటుంది. పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారు “గట్టిగా లేకపోతే ఓడ నడుస్తుందా అండీ” అంటారు. మేనల్లుడేమో ఫోన్లో ఎక్కడో చదివి, “బ్లై మంచోడే మామయ్యా, సినిమావాళ్ళే పాడు చేశారు” అంటాడు. ముగ్గురిలో ఎవరి మాటా తీసిపారేయలేం, పూర్తిగా ఒప్పుకోనూ లేం. ఇన్నేళ్ళు వీళ్ళతో కూర్చుని చూసి చూసి, ఈ సినిమా చూడటానికి నేనొక పద్ధతి పెట్టుకున్నాను.

ముందు, ఎవరు ఏ సినిమా గురించి మాట్లాడుతున్నారో అడగండి. పెద్ద సినిమాలే మూడున్నాయి. 1935లో చార్లెస్ లాటన్ బ్లైగా, క్లార్క్ గేబుల్ ఫ్లెచర్ క్రిస్టియన్‌గా చేసినది. 1962లో ట్రెవర్ హోవర్డ్, మార్లన్ బ్రాండో చేసినది. 1984లో ఆంథోనీ హాప్కిన్స్, మెల్ గిబ్సన్ చేసినది. మొదటిది చూసినవాడికి బ్లై రాక్షసుడు, మూడోది చూసినవాడికి పాపం బ్లై. ఇద్దరూ ఒకే మనిషి గురించి కొట్టుకుంటున్నామనుకుంటారు.

మొదలు మాత్రం 1935దే పెట్టండి. జనం మనసులో ఉన్న బ్లై లాటనే. నలుపు తెలుపు, రెండు గంటల పన్నెండు నిమిషాలు. సబ్‌టైటిల్స్ వేసుకోండి, ఆయన మాటల్ని పెదవుల మధ్య నలిపి వదులుతాడు. గేబుల్ ఇంగ్లీషు నావికుడిలా మాట్లాడడు, అచ్చం అమెరికావాడే. దాని మీద నవ్వేవాళ్ళు నవ్వుతారు, వదిలేయండి. ఈ సినిమాలో లాటన్, గేబుల్, ఫ్రాంచో టోన్ ముగ్గురూ ఉత్తమ నటుడి ఆస్కార్‌కి పోటీ పడ్డారు, ఒక్కరికీ రాలేదు. సినిమాకి మాత్రం ఉత్తమ చిత్రం వచ్చింది.

రిమోట్ మీ చేతిలోనే ఉంచుకోండి. చచ్చిపోయిన మనిషిని కూడా కొరడాతో కొట్టించే సీను దగ్గర ఆపి, బ్లై ఎలాంటివాడని ఒక్కొక్కర్నీ అడగండి. అందరూ తిడతారు. తిట్టనిచ్చి, అప్పుడు చెప్పండి: బౌంటీ మీద ఇలా జరగలేదు. మనిషిని తాడుకి కట్టి ఓడ అడుగు నుంచి ఈడ్చే శిక్ష కూడా సినిమాలో పెట్టిందే. ఓడ లాగ్‌బుక్ చూస్తే, ఆ కాలపు మిగతా కెప్టెన్ల కన్నా బ్లై కొరడా తక్కువే వాడాడు. మేనల్లుడు ఇక్కడ కాలరెగరేస్తాడు. వాణ్ణి కాసేపు ఆగమనండి.

ఎందుకంటే అసలు విషయం చీజ్ సీనులో ఉంది. సరుకులో చీజ్ తగ్గిందని లెక్కలొచ్చినప్పుడు, దాన్ని కెప్టెనే ఇంటికి పంపించుకున్నాడని ఒక నావికుడంటాడు. బ్లై మండిపడతాడు. ఇది కల్పన కాదు, ఓడలో ఉన్న మోరిసన్ అనేవాడు రాసిపెట్టుకున్నాడు. నిజమో అబద్ధమో తర్వాత సంగతి. బౌంటీ మీద కెప్టెనూ, సరుకు లెక్కలు చూసే పర్సరూ ఒక్కడే, బ్లైనే. తిండి తగ్గితే తిట్టాల్సింది ఎవర్ని? ఫిర్యాదు ఎవరికి చెప్పాలి? ఇద్దరూ ఒకే మనిషి. గ్యాలీలో, అంటే ఓడ వంటింట్లో, పని చేసినవాడికి దీని అర్థం వెంటనే తెలుస్తుంది. నేను ఒక కెప్టెన్ కింద పని చేశాను. రాత్రి పన్నెండింటికి కోల్డ్ రూమ్ తెరిచి గుడ్లు లెక్కపెట్టేవాడు. చెయ్యి ఎత్తి ఎవర్నీ కొట్టలేదు, గొంతు కూడా పెద్దగా లేపేవాడు కాదు. ఆరు నెలల్లో ఆ ఓడ మీద నవ్వు అనేది లేకుండా పోయింది. ఒక గుడ్డు తక్కువైన రోజు బోసన్‌ని, అంటే డెక్ పనివాళ్ళ మేస్త్రీని, అందరి ముందూ “దొంగ” అన్నాడు. బోసన్ ఏమీ అనలేదు. ఆ తర్వాత నేను ఆ ఓడ దిగిపోయేదాకా ఆ మనిషి మెస్‌లో కూర్చుని తినలేదు, పళ్ళెం పట్టుకుని డెక్ మీదికి పోయేవాడు.

అందుకే 1789 ఏప్రిల్ 27 గురించి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. తన కొబ్బరికాయలు పోయాయని బ్లై ఆ రోజు ఆఫీసర్లందర్నీ నిలబెట్టి, క్రిస్టియన్‌ని దొంగ అన్నాడు. మర్నాడు తెల్లవారుజామున టోంగా దీవుల దగ్గర తిరుగుబాటు. అంతకుముందు తహితిలో ఐదు నెలలు హాయిగా గడిపి వచ్చారు, అదీ ఒక కారణమే. కానీ బ్లై నోరు కొరడా కన్నా పదునైనదని మర్చిపోకూడదు. కాలరెగరేసిన మేనల్లుడికి ఈ ముక్క చెప్పండి.

తర్వాత పడవ సీను. దీనికి ముందే వంటింటి కాటా తీసి, తలా 18 గ్రాముల బ్రెడ్ తూచి పళ్ళెంలో పెట్టండి, పక్కన చిన్న టీ గ్లాసుడు నీళ్ళు. 23 అడుగుల పడవలో బ్లైతో కలిపి పంతొమ్మిది మంది. 150 పౌండ్ల బ్రెడ్, 32 పౌండ్ల పంది మాంసం, 28 గ్యాలన్ల నీళ్ళు, కొంచెం రమ్ము, వైను. తోఫువా దీవిలో ఒకణ్ణి అక్కడివాళ్ళు చంపేశారు. మిగిలిన పద్దెనిమిది మందినీ బ్లై 3,600 నాటికల్ మైళ్ళకు పైగా నడిపించి, జూన్ 14న తిమోర్ చేర్చాడు. కొబ్బరి చిప్పలతో త్రాసు చేసి, పిస్తోలు గుండు బరువుకి బ్రెడ్ తూచి పంచాడు. పక్షి దొరికితే ముక్కలు చేసి, ఒకడు వెనక్కి తిరిగి నిలబడితే, ఇంకొకడు ముక్క చూపించి “ఇది ఎవరికి?” అని అడిగేవాడు. వెనక్కి తిరిగినవాడు ఎవరి పేరు చెబితే వాళ్ళది. నేను గ్యాలీలో ఉండగా ఇంత న్యాయంగా పంచలేదని ఒప్పుకోవాలి. మా ఆవిడ ప్రతిసారీ ఇక్కడ మాట్లాడకుండా బ్రెడ్ ముక్క వంక చూస్తుంది.

1935 సినిమా చివర్లో పండోరా అనే ఓడలో తిరుగుబాటుదారుల్ని వేటాడుతూ బ్లైనే వస్తాడు. అది తప్పు. వచ్చింది ఎడ్వర్డ్స్ అనే వేరే కెప్టెన్. బ్లై ఆ ఓడలో లేడు, ఆ తర్వాత 1791లో వేరే ఓడలో రెండోసారి సీమ పనస మొక్కలు తేవడానికి బయల్దేరాడు. ఇంకోటి కూడా హెడ్మాస్టరు గారికి చెప్పాను. బ్లై తర్వాత ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌కి గవర్నరయ్యాడు, 1808లో సొంత సైనికులే అరెస్టు చేశారు. ఒకసారైతే మనుషుల తప్పు, రెండోసారి కూడానా అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

1984దాన్ని మర్నాడు వేయండి, అదే రాత్రి వద్దు. అది బ్లై విచారణతో మొదలవుతుంది, కాబట్టి చూసేవాళ్ళు కూడా జడ్జిల్లా కూర్చుంటారు. 1962ది దాదాపు మూడు గంటలు, బ్రాండో యాస భరించడం కష్టం. దానికోసం కట్టిన ఓడ అందంగా ఉంటుంది. 2012లో శాండీ తుఫానులో అది నిజంగానే మునిగి ఇద్దరు చనిపోయారు. ఓడలో బతికినవాణ్ణి, దాన్ని చూసినప్పుడు కథ మీద మనసు నిలవదు.

బ్లై మీద చెడ్డ పేరు సినిమాతో మొదలు కాలేదని కూడా చెప్పండి. ఫ్లెచర్ క్రిస్టియన్‌కి అన్నయ్య ఎడ్వర్డ్, న్యాయశాస్త్ర ప్రొఫెసరు. 1794లోనే తమ్ముడి పక్షాన సాక్ష్యాలు పోగేసి అచ్చేయించాడు. బ్లై కూడా తన పుస్తకం తాను రాసుకున్నాడు. ఈ సినిమా చూసినవాళ్ళ గొడవలన్నీ ఆ రెండు పక్షాల పాత గొడవలే.

పోయినసారి మా కోడలు ఇంకో దారి చూపించింది. “మామయ్య గారూ, ఆ మొక్కలు ఎవరి కోసం?” అంది. వెస్టిండీస్ తోటల్లో బానిసలకి చవగ్గా తిండి పెట్టడానికి, అన్నాను. “మరి తిరుగుబాటు చేసినవాళ్ళు తహితి ఆడవాళ్ళని తాము దాక్కున్న పిట్‌కైర్న్ దీవికి తీసుకుపోయారు కదా, వాళ్ళేమయ్యారు?” అంది. 1808లో అమెరికా ఓడ టోపాజ్ అక్కడికి వెళ్ళేసరికి, తిరుగుబాటు చేసినవాళ్ళలో బతికున్నది జాన్ ఆడమ్స్ ఒక్కడే. మిగిలింది ఆ ఆడవాళ్ళూ, పిల్లలూ. హెడ్మాస్టరు గారూ మేనల్లుడూ గంట నుంచి బ్లై మంచోడా క్రిస్టియన్ మంచోడా అని అరుచుకుంటున్నారు. ఆ మాటకి ఇద్దరూ ఆగారు. ఇప్పుడు నేను ఆ రెండు ప్రశ్నలూ సినిమా మొదట్లోనే అడుగుతున్నాను.

ఇంకొక్క మాట, ఇది వంటవాడి మాట. పకోడీలు పడవ సీను అయ్యాకే తెండి. ముందే పెడితే ఆ 18 గ్రాముల బ్రెడ్ ముక్క వంక ఎవరూ చూడరు.