నేసల్ స్ప్రే ముక్కులో ఎక్కడ పడుతోందో కొలవడం ఎలా

బెంగళూరు డస్టు, పుప్పొడి పుణ్యమా అని ఇక్కడ నేసల్ స్ప్రే వాడేవాళ్లు చాలామందే, కానీ కొట్టిన మందు అసలు చోటికి చేరిందా లేక ముందే ఆగి కారిపోయిందా అన్నది బయటికి తెలీదు. ఇక్కడ ఎం.ఫార్మ్ ప్రాజెక్టు చేస్తున్న మనవాళ్లకి పనికొస్తుందని ల్యాబ్ పద్ధతి రాస్తున్నా.

ముందు ముక్కు మోడల్ కావాలి. సీటీ స్కాన్‌లోంచి ముక్కు లోపలి దారిని సాఫ్ట్‌వేర్‌లో విడదీసి త్రీడీ ప్రింట్ తీయించాలి, పీణ్య ఇండస్ట్రియల్ ఏరియా వైపు అడిగి చూడండి, కానీ ట్రాన్స్‌పరెంట్ రెజిన్‌లోనే చేయించండి, ప్లాస్టిక్ తీగ కరిగించి చేసే ప్రింట్‌లో పొరల గీతల మధ్య మందు ఇరుక్కుంటుంది. ముక్కు ముందు భాగం, దాని వెనక నేసల్ వాల్వ్ అనే ఇరుకు దారి, టర్బినేట్లు అనే లోపలి మడతలు, గొంతు వైపు భాగం, ఇవన్నీ విడివిడిగా ఊడొచ్చేలా ఉండాలి. చివర ఫిల్టర్, వాక్యూమ్ పంపు తగిలించండి, 10 మైక్రాన్ల లోపు చుక్కలు ఊపిరితిత్తుల దాకా పోగలవు కాబట్టి అవి ఫిల్టర్‌లో దొరకాలి.

కొత్త బాటిల్ అయితే తుంపర సమంగా వచ్చేదాకా గాల్లో కొట్టి అప్పుడే మొదలుపెట్టండి. కొట్టేముందు ఒకసారి, కొట్టాక ఒకసారి బాటిల్ తూకం వేయండి, చాలా పంపులు ఒక్కసారికి ఇచ్చేది 100 మైక్రోలీటర్ల చుట్టుపక్కలే, అంటే దాదాపు 0.1 గ్రాము, మామూలు కాటా సరిపోదు. నాజిల్ యాంగిల్, ఎంత లోపలికి పెట్టారు అనేది స్టాండుకి బిగించేయండి, ఇది మాత్రం అస్సలు లైట్ తీసుకోవద్దు, యాంగిల్ కొంచెం మారినా మందు పడే చోటు మారిపోతుంది.

ఎక్కడ పడిందో కళ్లతో చూడాలంటే నీళ్లు తగిలితే రంగు మారే పేస్టు లోపల పల్చగా రాయాలి, పెట్రోల్ బంకుల్లో ట్యాంకు అడుగున నీళ్లున్నాయా అని చూడ్డానికి వాడేది ఈ రకమే. మోడల్‌లో తడి మిగిలితే స్ప్రే కొట్టకముందే మరకలు పడతాయి, బాగా ఆరబెట్టండి. కొట్టగానే ఒకే లైటు కింద ఫోటో తీసి ఇమేజ్‌జె అనే ఫోటోలు కొలిచే సాఫ్ట్‌వేర్‌లో రంగు మారిన ఏరియా కొలవండి.

పేస్టు చోటు చెప్తుంది గానీ ఎంత మందో చెప్పదు. అందుకని పేస్టు లేకుండా మళ్లీ కొట్టి, ఒక్కో భాగాన్నీ విడిగా కడిగి ఆ నీళ్లని హెచ్‌పీఎల్‌సీలో, అంటే అందులో మందు ఎంతుందో కొలిచే మెషీన్‌లో పెట్టాలి. అన్ని భాగాలు, ఫిల్టర్, బయటికి కారింది, నాజిల్‌కి అంటింది కలిపితే కొట్టిన డోసుకి దగ్గరగా రావాలి, రాకపోతే ఆ రీడింగ్ నమ్మొద్దు.

ఇంకొకటి, మోడల్‌లో చీమిడి కదలదు, అసలు ముక్కులో అది మందుని నిమిషాల్లోనే గొంతు వైపు తోసేస్తుంది, కాబట్టి ఈ లెక్క కొట్టిన క్షణానికే. మనిషిలో చూడాలంటే టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం కలిపి గామా కెమెరాతో చూస్తారు, దానికి ఎథిక్స్ కమిటీ పర్మిషన్ తప్పనిసరి.